రైతు విలేజర్ మడి మొత్తం ఎందుకు కోయడు, పండిన పంట ఎటు పోతోంది?

ప్రశ్న: మట్టిచేతులు

అందరికీ నమస్కారం. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ జావా ఎడిషన్‌లో నలుగురు మిత్రులం కలిసి ఒక సర్వైవల్ లోకం నడుపుతున్నాం. అందులో ఒక గ్రామం పక్కనే పొడవు తొమ్మిది, వెడల్పు తొమ్మిది బ్లాకులు ఉండేలా మడి కట్టి, సరిగ్గా నడుమ ఒక బ్లాకులో నీళ్లు పోసి, మిగిలిన 80 బ్లాకులూ దున్ని గోధుమ చల్లాను. మడికి ఒక మూలన, గట్టు బయట కంపోస్టర్ (విత్తనాల వంటివి వేస్తే ఎరువు చేసే పెట్టె, రైతు పని చోటు) పెట్టగానే పని లేక తిరుగుతున్న విలేజర్ (ఆటే నడిపే గ్రామస్థుడు) ఒకడు గడ్డి టోపీ పెట్టుకొని రైతు అయిపోయాడు. మడి కింద పట్టాలు వేసి, రాలిన పంటను ఏరుకునే హాపర్ మైన్‌కార్ట్ అనే బండి ఒకటి తిప్పుతున్నాను. అది తెచ్చినదంతా ఒక చెస్ట్‌లో, అంటే పెట్టెలో, పడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది గాని, పని మాత్రం నేను అనుకున్నట్టు సాగడం లేదు. రైతు కంపోస్టర్‌కు దగ్గరగా ఉన్న మూలలోనే కోస్తాడు, నాటుతాడు. ఎదురు మూలలో గోధుమ పండి, రంగు తిరిగి, రోజుల తరబడి అలాగే నిలబడి ఉంటుంది. అతను ఆ వైపు చూస్తాడు కూడా, కాని అడుగు వేయడు. ఇది చాలదన్నట్టు, గోధుమ తప్ప మరేమీ వేయని మడిలో అక్కడక్కడ క్యారెట్ మొక్కలు కనిపిస్తున్నాయి. ఒకసారి అతని పక్కన నా చేతిలోని క్యారెట్లు పొరపాటున కింద పడేశాను, అతను వాటిని ఏరుకున్నాడు. కాని అది ఎప్పటి మాటో. అన్నిటికంటే విచిత్రం చెస్ట్ సంగతి. ఆటలో పది రోజులు గడిచాక తెరిచి చూస్తే 11 గోధుమలు, కొన్ని విత్తనాలు, మాలో ఎవరూ వేయని 4 బ్రెడ్లు ఉన్నాయి. అంత మడికి ఇంతేనా పంట? ఊళ్లో పిల్లలు మాత్రం బాగా పెరిగారు. మొదట ఐదుగురు విలేజర్లు ఉన్న చోట ఇప్పుడు పదకొండు మంది తిరుగుతున్నారు, వారి కోసం నేను బెడ్లు వేస్తూనే ఉన్నాను.

తప్పు రైతుదా, నా కట్టడంలోదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: కంచెకావలి

ముందుగా మీ లోకంలో మాబ్ గ్రీఫింగ్ అనే గేమ్ రూల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. క్రీపర్లు అనే శత్రు ప్రాణులు పేలి ఇళ్లు కూలిపోతున్నాయని చాలామంది దాన్ని ఆపేస్తారు. ఆటకు క్రీపర్ గోడ పగలగొట్టడమూ రైతు పంట కోయడమూ ఒకే ఖాతా కిందికి వస్తాయి, రెండూ ఒక ప్రాణి బ్లాకును మార్చడమే కాబట్టి. అందువల్ల ఆ నియమం ఆపితే కోతా ఆగుతుంది, కింద పడినవి ఏరుకోవడమూ ఆగుతుంది. మా లోకంలో ఒక పుణ్యాత్ముడు ఎవరికీ చెప్పకుండా ఆపేసినప్పుడు, మా రైతు పండిన బీట్‌రూట్‌ల నడుమ రెండు రోజులు ఊరికే పచార్లు చేశాడు. అతనికి జబ్బు చేసిందేమో అనుకొని మేము కొత్తవాడిని తెచ్చి పెట్టాం. వాడూ పచార్లే చేశాడు.

మట్టిచేతులు

ఆన్‌లోనే ఉంది. క్రీపర్ల బాధ పడలేక ఆపేద్దామని మాలో ఒకరు ఈ మధ్యే ప్రతిపాదించారు. మీ జవాబు ఆయనకు చూపిస్తాను. అయితే ఒక మూలలో కోత జరుగుతూనే ఉంది కాబట్టి నా ఇబ్బందికి కారణం వేరే ఏదో ఉండాలి.

జవాబు: పాతకాపు

2014లో ఆట 1.8 వెర్షన్ వచ్చి విలేజర్లు తమంతట తాము పంట కోయడం మొదలుపెట్టిన నాటి నుంచి నేను ఈ మళ్లు కడుతున్నాను. అప్పట్లో గోధుమరంగు అంగీ వేసుకున్నవారంతా, చేపలు పట్టేవాడైనా గొర్రెలు కాసేవాడైనా సరే, మడిలోకి దిగేవారు. 2019లో 1.14 వచ్చాక కంపోస్టర్ ఎవరికి దక్కితే వాడే రైతు.

మీ చెస్ట్‌కు పంట రాకపోవడానికి కారణం తేలికైనదే. ప్రతి విలేజర్ దగ్గరా మనకు కనిపించని సంచి ఒకటి ఉంటుంది, అందులో 8 అరలు ఉంటాయి. కోసిన గోధుమ మీ బండికి అందేలోపు అతను సంచిలో వేసుకుంటున్నాడు. మందు ఏమిటంటే, ఆ సంచిలో ఖాళీ లేకుండా చేయడం. అరకు 64 చొప్పున 512 గోధుమ విత్తనాలు అతని ముందు పోయండి. అన్నీ ఏరుకున్నాక గోధుమకు చోటు ఉండదు, కోసినది కోసినట్టే నేల మీద ఉండిపోతుంది, మీ బండి తీసుకుపోతుంది. నేను ఎన్నో ఏళ్లు ఇలాగే నడిపాను.

జవాబు: నీడపట్టు

పాతకాపు గారు అసలు కిటుకు పట్టుకున్నారు: ఈ రైతు చేసే ప్రతి పనికీ, చేయని ప్రతి పనికీ కారణం ఆ సంచిలోనే దొరుకుతుంది. కాని వారు చెప్పిన మందు గోధుమకు ఇప్పుడు పనిచేయదని నా అనుభవం. ఎందుకో చెప్పే ముందు, మట్టిచేతులు గారి మొదటి చిక్కు ఒక్కటే సంచితో సంబంధం లేనిది కాబట్టి దాన్ని తేల్చేస్తాను.

రైతు తన చుట్టూ నాలుగు బ్లాకుల మేర దున్నిన నేల ఎక్కడెక్కడ ఉందో చూసుకొని, అందులో ఒక చోటికి నడిచి వెళతాడు. వెళ్లాక చేయి చాచినంత దూరంలో, అంటే తన చుట్టూ ఒక్కో బ్లాకు మేర, పండిన దాన్ని కోసి ఖాళీ అయిన దాన్ని నాటుతాడు. అయితే తన కంపోస్టర్ ఆరు బ్లాకుల లోపు ఉన్నప్పుడే ఇలా ఒక మడి చోటి నుంచి మరో చోటికి బయలుదేరతాడు. మీరు కంపోస్టర్‌ను గట్టు బయట మూలన పెట్టారు. అక్కడి నుంచి ఎదురు మూల దాదాపు పన్నెండు బ్లాకుల దూరం. అతను బద్ధకస్తుడు కాడు, ఆ కొస అతని హద్దులో లేదు.

కంపోస్టర్‌ను మడి నడుమ, ఆ నీటి బ్లాకు పైనే పెట్టండి. నీరు కింద ఉండి తడి ఇస్తూనే ఉంటుంది. నీటికి నాలుగు బ్లాకుల లోపు ఉన్న నేలంతా తడిగానే ఉంటుంది కాబట్టి మీ కొలతకు ఏ లోటూ రాదు. నడుమ నుంచి చివరి మూలకు దూరం ఆరుకు కొంచెం తక్కువే పడుతుంది. ఈ ఆట మడికి తొమ్మిది బ్లాకుల కొలతను ఎంచుకొని రైతుకు ఆరు బ్లాకుల తాడు కట్టిందా, లేక రెండూ అనుకోకుండా కుదిరాయా అని నేను చాలాసార్లు ఆలోచించాను. పైగా నీటి మీద మూత పడుతుంది, అతను అందులో పడి పైకి గెంతి పక్క నేలను తొక్కి పాడుచేసే బెడద ఉండదు.

ఇక క్యారెట్ల సంగతి. రైతు కోసిన చోట ఏ పంట ఉండేదో అతనికి గుర్తుండదు. నేల ఖాళీగా కనిపించగానే సంచిలో మొదటి అర నుంచి వరసగా వెతికి, నాటడానికి పనికొచ్చేది ఏది ముందు తగిలితే దాన్నే నాటుతాడు. మీరు ఎప్పుడో పడేసిన క్యారెట్లు విత్తనాల కంటే ముందు అరలో చేరి ఉంటాయి. అవి నాటితే పండుతాయి, పండితే ఒకటికి రెండు మూడు వస్తాయి, అవీ ఆ అరలోకే పోతాయి. వదిలేస్తే కొన్నాళ్లకు మడి మొత్తం క్యారెట్ మయం అవుతుంది.

విలేజర్ సంచిని మనం తెరిచి తీయలేం. నేను చేసే పని ఇది: అతను పగలంతా నాటిన క్యారెట్ మొక్కలను, రాత్రి అతను నిద్రపోయాక లేతగా ఉండగానే పీకేస్తాను. లేత మొక్క పీకితే నాటిన ఆ ఒక్క క్యారెట్టే తిరిగి వస్తుంది, అది నా జేబులోకి పోతుంది. మర్నాడు అతను మళ్లీ క్యారెట్లే నాటుతాడు, రాత్రి నేను మళ్లీ పీకుతాను. మూడో రోజో నాలుగో రోజో, ఖాళీ నేల ముందు నిలబడిన మనిషి చేతిలోంచి మొదటిసారి గోధుమ మొలక దిగుతుంది. ఆ క్షణం చూడటం కోసమే నేను ఒకసారి పని మానుకొని కంచె మీద కూర్చున్నాను.

అన్నట్టు, పంటలు కలిసిపోవడం పూర్తిగా నష్టమని కూడా అనుకోకండి. జావా ఎడిషన్‌లో ఒకే పంట నాలుగు దిక్కులా, మూలలా ఆనుకొని ఉంటే పెరుగుదల వేగం సగానికి పడిపోతుంది. ఒక వరస గోధుమ, ఒక వరస క్యారెట్ చొప్పున వేసిన మడి మొత్తం ఒకే పంట వేసిన మడి కంటే త్వరగా చేతికి వస్తుంది. మీ రైతు తెలియక చేసినా, మీ మడికి కొంత మేలే చేసి ఉంటాడు.

ఇప్పుడు చెస్ట్ ఎందుకు ఖాళీగా ఉందో చూద్దాం. గోధుమను విలేజర్ ఆహారంగా లెక్కించడు. బ్రెడ్, క్యారెట్, బంగాళాదుంప, బీట్‌రూట్ మాత్రమే తిండి. అందుకే రైతు కంపోస్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా సంచిలోని గోధుమను మూడేసి చొప్పున బ్రెడ్‌గా మారుస్తాడు. మీ చెస్ట్‌లోని ఆ నాలుగు బ్రెడ్లు ఇలా వచ్చినవే. అదే చోట విత్తనాలు కూడా చూసుకుంటాడు: గోధుమ విత్తనాలు పది మించి ఉంటే మిగులును కంపోస్టర్‌లో వేస్తాడు, బీట్‌రూట్ విత్తనాలకూ ఇదే లెక్క. పాతకాపు గారి 512 విత్తనాలు ఇక్కడే కరిగిపోతాయి. బోన్ మీల్ అనే ఎరువుగా బయటికి వస్తాయి, దాన్ని అతనే ఏరుకొని లేత పంటకు వేస్తాడు. ఖాళీ అయిన అరల్లోకి మళ్లీ గోధుమ చేరుతుంది, మీ బండి మళ్లీ ఉత్త చేతులతో తిరుగుతుంది.

తిండి మిగిలితే రైతు దాచుకోడు. దారిలో కలిసిన విలేజర్ల ముందు విసురుతాడు. విలేజర్‌కు ఒక బ్రెడ్ నాలుగు పాళ్లు, ఒక క్యారెట్ గాని దుంప గాని ఒక పాలు. ఒక్కొక్కరి దగ్గర 12 పాళ్లు, అంటే మూడు బ్రెడ్లు, కూడితే ఆ ఇద్దరూ బిడ్డను కనడానికి సిద్ధం. మీరు బెడ్లు వేస్తూ పోయారు, అతను తిండి పంచుతూ పోయాడు. ఐదుగురు పదకొండు మంది అయ్యారంటే మీ పంట దొంగల పాలు కాలేదు, అక్కడికే పోయింది.

చివరగా ఒక మాట. ఆటలో ఒక రోజంటే మనకు 20 నిమిషాలు, అంటే 24,000 టిక్కులు (ఆట కాలాన్ని కొలిచే చిన్న ప్రమాణం). అందులో రైతు పని వేళ 2,000వ టిక్కు నుంచి 9,000వ టిక్కు వరకే, మన గడియారంలో 5 నిమిషాల 50 సెకన్లు. తర్వాత అందరూ గంట దగ్గర కలుసుకుంటారు, చీకటి పడగానే పడుకుంటారు. మధ్యాహ్నం దాటాక పండిన గోధుమ పక్కనే నిలబడి కబుర్లు చెబుతున్నాడని కోప్పడి లాభం లేదు. పైన చెప్పినదంతా జావాకు సంబంధించినది. బెడ్‌రాక్ అనే మరో ఎడిషన్‌లో ఆడేవారు దీన్ని యథాతథంగా తీసుకోవద్దు.

పాతకాపు

ఒప్పుకుంటున్నాను. విత్తనాలు పోసిన కొన్నాళ్లకు మళ్లీ పోయవలసి వస్తోందని నాకూ తెలుసు గాని, మైన్‌కార్ట్ తినేస్తోందని దాన్నే తిట్టుకుంటూ వచ్చాను. అయితే సంచి నింపే పద్ధతి క్యారెట్‌కు, బంగాళాదుంపకు ఇప్పటికీ చెల్లుతుంది కదా? వాటిని అతను కంపోస్టర్‌లో వేయడు.

నీడపట్టు

చెల్లుతుంది, కాని అతను ఒంటరిగా ఉంటేనే. ఎనిమిది అరల నిండా క్యారెట్లు ఉన్నవాడు పదిమందిలో ఉంటే పంచుతూనే ఉంటాడు, అరలు ఖాళీ అవుతూనే ఉంటాయి. మడికి కంచె కట్టి లోపల అతన్ని, అతని బెడ్‌ను మాత్రమే ఉంచితే పీకిన చోట నాటడానికి తప్ప సంచి తరగదు. తరిగిన ఆ ఒకటి రెండూ మళ్లీ ఏరుకుంటాడు, మిగిలింది మీదే. విలేజర్లు చెక్క తలుపులు తీయగలరు గాని కంచె గేటు తీయలేరు.

పంచే గుణాన్నే వాడుకునే ఉపాయం ఇంకొకటి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. మడి అంచున ఒక చిన్న గదిలో మరో విలేజర్‌ను నిలబెట్టి, ఇద్దరికీ నడుమ హాపర్ (పైన పడినవాటిని లాక్కునే గరాటు) పెడతారు. రైతు అతన్ని చూసి మిగులు తిండి విసురుతాడు, అది హాపర్‌లో పడి చెస్ట్‌కు చేరుతుంది. ఆ గదిలోని మనిషికి ఒక్క క్యారెట్టూ అందదు. కాస్త క్రూరంగానే ఉంటుంది, కాని పని చేస్తుంది.

మట్టిచేతులు

మూడు రోజులుగా అమలు చేస్తున్నాను, ఏం జరిగిందో చెబుతాను. కంపోస్టర్‌ను నడుమకు మార్చడానికి పాతది పగలగొట్టాను. ఇంతకు ముందే 20 గోధుమలు ఇచ్చి ఒక ఎమరాల్డ్ (విలేజర్ల బేరాల్లో చెల్లే పచ్చ) తీసుకొని ఉన్నాను కాబట్టి, బేరం జరిగిన విలేజర్ వృత్తి మారదన్న ధైర్యంతో ఉన్నాను. వృత్తి మారలేదు. కాని నీటి మీద కొత్త కంపోస్టర్ పెట్టిన మరుక్షణం, పని దక్కిందని చూపే ఆకుపచ్చ మెరుపులు మా రైతు తల మీద కాక, అప్పుడే పెద్దవాడై పని కోసం చూస్తున్న ఒక కుర్రవాడి తల మీద మెరిశాయి. వాడు టోపీ పెట్టుకొని దర్జాగా మడిలోకి దిగాడు. మా వాడు గట్టు మీద నిలబడి తల అడ్డంగా ఊపుతూ ఉన్నాడు, టోపీ ఉంది, పని లేదు.

కంచెకావలి

అది అందరికీ జరిగేదే. ఖాళీ కంపోస్టర్‌ను 48 బ్లాకుల దూరం నుంచి కూడా పసిగట్టి వస్తారు. ఊరికి ఆ వైపున మరో కంపోస్టర్ పెట్టండి, మీ పాతవాడు దానికి కుదురుకున్నాక, కుర్రవాడితో బేరం చేయకుండానే వాడి కంపోస్టర్ తీసేయండి. బేరం కాని వాడు టోపీ తీసేసి మామూలు మనిషి అవుతాడు. లేదంటే ఇద్దరినీ ఉంచుకోండి, నష్టమేముంది?

మట్టిచేతులు

ఇద్దరినీ ఉంచుకోవడానికే నిర్ణయించుకున్నాం. కుర్రవాడికి ఊరి మడి వదిలేశాను. నిన్న ఉదయం పని వేళ మొదలైన కాసేపటికే, ఇన్నాళ్లూ ఎవరూ ముట్టని ఎదురు మూలలోకి వెళ్లి అక్కడి గోధుమ మొత్తం కోసేశాడు. ఆ పంట ఊరే తింటుంది, నేను బెడ్లు వేయడం మాత్రం ఆపేశాను. పాతవాడి కోసం కొంచెం ఎగువన మరో మడి కట్టి, చుట్టూ కంచె వేసి, నడుమ నీటి మీద కంపోస్టర్ పెట్టి, క్యారెట్లు మాత్రమే ఇచ్చాను. రాత్రి కూడా పంట పెరగాలంటే వెలుతురు 9కి తగ్గకూడదని మిత్రుడొకరు చెప్పగా నాలుగు వైపులా టార్చ్‌లు పెట్టాను. సంచి నిండేదాకా చెస్ట్‌లో ఏమీ పడదని తెలుసు కాబట్టి మొదటి రెండు రోజులూ తెరిచి చూడలేదు. ఈ రోజు 37 క్యారెట్లు ఉన్నాయి.

ఒక్క అనుమానం మిగిలింది. గుమ్మడి, పుచ్చ కూడా అతని మడి అంచున వేస్తే కోస్తాడా?

పాతకాపు

కోయడు. వాటిని మీ దగ్గర కొంటాడు గాని ముట్టుకోడు. అవి మీరే కోసుకోవాలి, లేదా వాటిని తోసి రాల్చే పిస్టన్ పెట్టుకోవాలి.